ఆక్స్‌బరో ఇటుక గోడలు: ఏది 1482 నాటిది, ఏది కాదు?

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీలో, స్వాఫమ్ అనే చిన్న పట్టణానికి నైరుతి దిక్కున, చుట్టూ అగడ్త ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లొకటి ఉంది. పేరు ఆక్స్‌బరో హాల్. ఫొటో చూసినవాళ్లు దాన్ని కోట అంటారు, ట్యూడర్ భవనం అంటారు, అయిదు వందల ఏళ్ల నాటి గోడలంటారు. మూడూ సగం సగం నిజాలే. ఎడ్మండ్ బెడింగ్‌ఫీల్డ్‌కు నాలుగో ఎడ్వర్డ్ రాజు కట్టుకోమని అనుమతి ఇచ్చింది 1482లో. ట్యూడర్ రాజవంశం గద్దెనెక్కింది 1485లో. పోలికలు కోటవే గానీ ముట్టడికి తట్టుకునేదా అంటే అనుమానమే. ఇక అయిదు వందల ఏళ్ల మాటకొస్తే, అందరూ తలెత్తి చూసే ఆ చిమ్నీలు, మెట్లు మెట్లుగా ఎక్కే ఆ కొసగోడలు (కప్పు చివర త్రికోణంగా లేచే గోడలు) 19వ శతాబ్దంలో తగిలించినవి.

ఇలాంటి ఇంటి వయసు తేల్చడానికి శైలుల పేర్లు పెద్దగా అక్కరకు రావు. ఇటుక మందం, దాన్ని పేర్చిన తీరు, సందుల్లో ఉన్న మాలు (ఇటుకలను అతికించే ముద్ద) అంతకంటే ఎక్కువ చెబుతాయి. ఆ ఇల్లు ఇంకెన్నాళ్లు నిలుస్తుందన్నది కూడా చాలావరకు ఆ మాలు మీదే ఉంటుంది.

రాయి దొరకని చోట ఇటుక, దొరికిన చోటా ఇటుకే

తూర్పు ఇంగ్లండ్‌లో కట్టుబడికి పనికొచ్చే రాయి తక్కువ. చెకుముకి రాయి, సుద్ద, బంకమట్టి మాత్రం పుష్కలం. రోమన్లు పలకల్లాంటి సన్నటి ఇటుకలు కాల్చేవారు. వాళ్లు వెళ్లిపోయాక ఆ పని శతాబ్దాల పాటు అణగారింది. శిథిలాల్లోంచి పాత ఇటుకలు పీకి చర్చిలు కట్టుకున్నారు. మళ్లీ కొత్తగా కాల్చిన ఇటుకతో కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్న తొలి ఇళ్లలో సఫోక్‌లోని లిటిల్ వెన్‌హమ్ హాల్ ఒకటి. అది 13వ శతాబ్దం చివరి భాగానిది.

అయితే రాయి లేదు కాబట్టి ఇటుక వాడారన్న వాదన అన్నిచోట్లా నిలవదు. లింకన్‌షైర్‌లో మంచి సున్నపురాయి దొరుకుతుంది. అయినా ఆరో హెన్రీ కోశాధికారి రాల్ఫ్ క్రామ్‌వెల్, 1430, 40 దశకాల్లో టాటర్‌షాల్‌లో తన గోపురాన్ని ఇటుకతోనే లేపాడు. ఇటుక అప్పట్లో సముద్రం అవతలి ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) నుంచి వచ్చిన ఫ్యాషన్, డబ్బున్నవాడి ఆర్భాటం. పేదవాడిది కర్ర చట్రం, మట్టి గోడ. (ఈ టాటర్‌షాల్ లోపలి రాతి పొయ్యి అలంకారాలను ఊడదీసి అమ్మేసిన దశలో, 1911లో, గోపురాన్ని కొని నిలబెట్టింది బెంగాల్ విభజనతో మనకు గుర్తున్న లార్డ్ కర్జనే. ఆ గొడవే 1913 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి ఊతమిచ్చింది.)

ఆవంలో పుట్టిన రంగులు

పద్ధతి మన పల్లె ఆవానికి దూరమేమీ కాదు. శరదృతువులో మట్టి తవ్వి కుప్పపోస్తే చలికాలపు మంచుకు గడ్డలు విరుగుతాయి. వసంతం నుంచి చెక్క అచ్చుల్లో ఇటుకలు తీసి, వరసలుగా ఆరబెట్టి, ఆవం పేర్చి కాలుస్తారు. ఆవంలో మంట అంతటా ఒక్కలా అందదు. అంచుల్లోవి పాలిపోయి మెత్తగా మిగిలిపోతాయి, మధ్యలోవి ఎర్రగా కాలుతాయి. మంటకు ఆనుకున్న ఇటుకల కొసలు మాత్రం కట్టెల బూడిదలోని పొటాష్ వల్ల గాజు పట్టి నీలం, నలుపు కలిసిన రంగుకు తిరుగుతాయి.

ఆ మాడిన కొసలను పారేయకుండా ముఖం బయటికి కనిపించేలా పెట్టి, ఎర్ర గోడ మీద వజ్రాకారపు గళ్లు అల్లారు. డయపర్ పని అంటే ఇదే. లెస్టర్‌షైర్‌లోని కర్బీ మక్స్‌లో దీనికి మంచి ఉదాహరణ. అక్కడ యజమాని విలియం హేస్టింగ్స్ పేరు పొడి అక్షరాలు, ఒక ఓడ బొమ్మ గోడలోనే ఇటుకలతో పొదిగారు. 1483లో హేస్టింగ్స్ తల తెగింది, పని ఆగింది. అందువల్ల 1480 నాటి ఇటుక పని తర్వాతి తరాల చెయ్యి పెద్దగా పడకుండా అక్కడ చూడగలం. ఆక్స్‌బరోలో ఆ సదుపాయం లేదు.

కోటా, ఇల్లా?

ఆక్స్‌బరో నమూనా మన మండువా లోగిలి లాంటిదే. మధ్యలో ఖాళీ, చుట్టూ నాలుగు వరసల గదులు. ఉత్తరాన సుమారు 80 అడుగుల ఎత్తున ద్వారగోపురం, దానికి ఇరువైపులా ఎనిమిది పలకల బురుజులు. వాటిలో ఒకదాని లోపలి మెలి మెట్లు తప్పకుండా చూడాలి. మెట్లూ, మీది కప్పూ, చివరికి చేత్తో పట్టుకునే గాడి కూడా ఇటుకే. వంపు తిరుగుతూ పైకెక్కే గాడిని అచ్చు ఇటుకలతో కూర్చాలంటే ఒక్కో ఇటుక కోణం ముందే లెక్కకట్టుకోవాలి.

1482 అనుమతిని 'లైసెన్స్ టు క్రెనలేట్' అంటారు. గోడ తల మీద కోటబురుజుల్లా పళ్లు కట్టుకోవడానికి రాజు ఇచ్చే పత్రం అది. దీన్ని బట్టి ఆక్స్‌బరోను రక్షణ కోసం కట్టారని పాత చరిత్రకారులు అన్నారు. ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశ శాఖలు చేసిన రోజా యుద్ధాలు అప్పటికి పూర్తిగా ముగియలేదు, అగడ్త ఉంది, రెండు బురుజుల మధ్య కింద ఉన్నవాడి మీద రాళ్లు వేసే కన్నాల వంటి ఏర్పాటూ ఉంది. రెండో పక్షం వాదన వేరు. ఫిరంగులొచ్చిన కాలంలో ద్వారం మీదే అంత పెద్ద కిటికీలు ఎవరు పెడతారు? అనుమతి పత్రం యుద్ధానికి కాదు, హోదాకు గుర్తు అంటారు వీళ్లు. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గు రెండోవైపే. కిటికీలు చూస్తే ఆ మొగ్గు సబబే అనిపిస్తుంది, కానీ మూకదాడినీ దొంగలనూ ఆపడానికి అగడ్త, గట్టి తలుపు చాలన్నదీ కొట్టిపారేయలేం.

లోగిలి ఇప్పుడున్నట్టు ఎప్పుడూ లేదు. దక్షిణాన ఉన్న పెద్ద హాలును 1775 ప్రాంతంలో యజమానే పడగొట్టించాడు. 1830ల నుంచి జాన్ చెసెల్ బక్లర్ అనే వాస్తుశిల్పి ఇంటిని 'మధ్యయుగపు' రూపానికి తెచ్చే పని చేశాడు. ఆగ్నేయ మూల టవర్, అగడ్త మీదికి పొడుచుకొచ్చిన కిటికీలు, మెట్ల కొసగోడలు, టెర్రకోటా చిమ్నీలు ఆ దశవి.

బాండ్ అంటే గోడ కట్టుబాటు

మన పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివిన ప్రతి ఒక్కరూ ఇంగ్లీష్ బాండ్, ఫ్లెమిష్ బాండ్ బొమ్మలు గీసే ఉంటారు. ఆ పేర్లు ఇలాంటి గోడలకు సంబంధించినవే. నిడివి పక్క బయటికి కనిపించేలా పెట్టిన ఇటుక స్ట్రెచర్. కొస కనిపించేలా గోడలోపలికి అడ్డంగా పెట్టినది హెడర్. హెడర్ పని గోడ ముందు పొరనూ వెనక పొరనూ కలిపి కట్టడం. ఇంగ్లీష్ బాండ్‌లో ఒక వరసంతా స్ట్రెచర్లు, మీది వరసంతా హెడర్లు. ఫ్లెమిష్‌లో ప్రతి వరసలోనూ ఒకటి విడిచి ఒకటి. రెండింటిలోనూ మూలన పెట్టిన హెడర్ పక్కన ఇటుకను నిలువునా చీల్చిన ముక్క, అంటే క్వీన్ క్లోజర్, వస్తుంది. అది లేకపోతే కింది వరస సందు మీదే మీది వరస సందు పడి, నిలువు చీలికకు దారి తెరుచుకుంటుంది.

15వ శతాబ్దపు గోడల్లో ఈ నియమం ఖచ్చితంగా పాటించి ఉండదు. దాదాపు ఇంగ్లీష్ బాండ్‌లా మొదలై, ఎక్కడపడితే అక్కడ తప్పుతుంది. ఫ్లెమిష్ బాండ్ ఇంగ్లండ్‌లో పట్టు సాధించింది 17వ శతాబ్దంలో. లండన్‌లోని 1631 నాటి క్యూ ప్యాలెస్ దాని తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి. కాబట్టి 'ట్యూడర్' అని చెప్పే గోడలో చక్కటి ఫ్లెమిష్ బాండ్ కనిపిస్తే, ఆ భాగం తర్వాత కట్టిందేమోనని ముందుగా అనుమానించాలి.

18వ శతాబ్దపు జార్జియన్ కాలంలో ఇళ్లు ఎక్కువగా ఫ్లెమిష్‌కు ఎందుకు మారాయి? అందం ఒక కారణం, ఖర్చు ఇంకో కారణం. ఇప్పటి కొలతల్లో లెక్క చూద్దాం. ఇటుక 215 మి.మీ. పొడవు, 102.5 వెడల్పు, 65 మందం, సందు 10 మి.మీ. అంటే ముఖం మీద సందుతో కలిపి స్ట్రెచర్ 225, హెడర్ 112.5, వరస ఎత్తు 75 మి.మీ. ఫ్లెమిష్‌లో 337.5 మి.మీ.కు రెండు ఇటుకలు పడతాయి. చదరపు మీటరుకు సుమారు 79. ఇంగ్లీష్ బాండ్‌లో స్ట్రెచర్ వరసకు మీటరుకు 4.44, హెడర్ వరసకు 8.89. సగటు తీస్తే చదరపు మీటరుకు సుమారు 89. ముఖానికి వాడే ఇటుక ఖరీదైనదైతే పది శాతం పైగా ఆదా.

ముందు చర్మం, వెనక గోడ

ఆ ఆదా అక్కడితో ఆగలేదు. హెడర్లను రెండుగా విరిచి, కొస ముక్క మాత్రమే ముఖంలో పెడితే ఒక్కో ఇటుక రెండు హెడర్లవుతుంది. బయటికి ఫ్లెమిష్ బాండే కనిపిస్తుంది. లోపల ముందు పొరకూ వెనక పొరకూ లంకె ఉండదు.

ఇది ఎప్పుడూ మోసమే అనుకోనక్కర్లేదు, కొన్నిసార్లు కొలతలే అలా నెట్టాయి. ముఖంలోని నాణ్యమైన ఇటుకలకు సందు 3 మి.మీ. అనుకోండి, వరస 68 మి.మీ. వెనక నాసి ఇటుకలకు సందు 12 మి.మీ., వరస 77. ముందు ఎనిమిది వరసలు 544 మి.మీ.కు వచ్చేసరికి వెనక ఏడు వరసలు 539కి వస్తాయి. రెండు పొరలూ దాదాపు సమం అయ్యేది ఎనిమిది వరసలకొకసారి. అప్పుడు మాత్రమే పూర్తి హెడర్ లోపలికి వెళ్లగలదు. మధ్యలో వరసల హెడర్లన్నీ విరగాల్సిందే.

ఇరవై ముప్ఫై ఏళ్లలో ఏమీ తెలియదు. నూరేళ్లు దాటాక వెనక పొర మందమైన సందులతో ఎక్కువగా కుదించుకుపోతుంది, ముందు పొర కుదించుకోదు. అప్పుడు ముఖం పొట్టలా ఉబ్బుతుంది. మట్టపు తాడు పట్టి చూస్తే తెలుస్తుంది, గోడను తట్టినప్పుడు బోలు శబ్దమూ వస్తుంది. బయట కొత్త మాలు పూసి దీన్ని నయం చేయలేం. రెండు పొరలనూ సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో కుట్టాలి, మరీ ఉబ్బితే ఆ మేరకు విప్పి మళ్లీ కట్టాలి.

ఇటుక పన్ను చుట్టూ అల్లిన కథలు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అయిన అప్పు తీర్చడానికి 1784లో ప్రధాని విలియం పిట్ ప్రభుత్వం వెయ్యి ఇటుకలకు రెండున్నర షిల్లింగుల పన్ను వేసింది. 19వ శతాబ్దపు తొలి ఏళ్లకు అది 5 షిల్లింగుల 10 పెన్నీలైంది. 1850లో ఎత్తేశారు. 40 వేల ఇటుకల ఇంటికి మొదట్లో 5 పౌండ్లు, పెంచాక 11 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు).

పన్ను లెక్క మీద పడింది, సైజు మీద కాదు. అందుకే మెషమ్ అనే ఊళ్లో జోసెఫ్ విల్క్స్ మామూలు ఇటుకకు దాదాపు రెండింతల ఇటుకలు కాల్చాడు. వాటిని 'గాబ్స్' అంటారు. 1803లో 150 ఘనపు అంగుళాలు దాటిన ఇటుకకు రెట్టింపు పన్ను వేసి ఆ దారి మూశారు. ఇంతవరకు ఖాయం. కానీ 18వ శతాబ్దం నుంచి ఇటుకలు మందమవడానికి పన్నే కారణమన్న మాట సందేహాస్పదం. మందం పెరగడం పన్నుకు ముందే మొదలైంది, పన్ను పోయాకా ఆగలేదు. 1571 నాటి లండన్ నియమం ప్రకారం ఇటుక 9 × 4½ × 2¼ అంగుళాలు. ట్యూడర్ ఇటుకలు చాలావరకు 2 అంగుళాలకు అటూ ఇటూ. 19వ శతాబ్దంలో ఉత్తరాదిన 3 అంగుళాలు మామూలు. వయసు అంచనాకు ఒక్క ఇటుకను కాదు, సందులతో కలిపి నాలుగు వరసల ఎత్తు కొలవాలి. సుమారు 10 అంగుళాలైతే పాతది కావచ్చు, 12 దాటితే 19వ శతాబ్దం అనుకోవచ్చు. ఇది అంచనాకే పనికొస్తుంది, తీర్పుకు కాదు. బక్లర్ లాంటివాళ్లు పాత గోడకు జోడీగా ఉండాలని సన్న ఇటుకలే కావాలనేవారు. పన్ను ఉన్న రోజుల్లో అదీ ఖరీదైన కోరికే, ఎందుకంటే వరస ఎత్తు 3 నుంచి 2½ అంగుళాలకు తగ్గితే అదే గోడకు 20 శాతం ఎక్కువ ఇటుకలు కావాలి.

ఇంకో కథ మ్యాథమెటికల్ టైల్స్ గురించి. కెంట్, ససెక్స్‌లలో కర్ర చట్రం మీద వేలాడదీసి, ఇటుక ముఖంలా కనిపించేలా అమర్చిన పెంకులివి. ఇటుక పన్ను ఎగ్గొట్టడానికే కనిపెట్టారని గైడ్లు చెబుతుంటారు. అవి పన్నుకు దశాబ్దాల ముందే ఉన్నాయి, పైగా పెంకులకూ పన్ను ఉంది. అసలు లాభం పాత కర్ర ఇంటికి తక్కువ ఖర్చుతో కొత్త ముఖం రావడం, వాన లోపలికి దిగకపోవడం. గోడ మూలన ఇటుకలు ఒకదానిలో ఒకటి అల్లుకోకుండా నిలువు చెక్కపట్టీ ఉంటే పెంకులని అనుమానించవచ్చు.

మూసేసిన కిటికీలన్నీ కిటికీ పన్ను (1696–1851) వల్లే అన్నదీ అలాంటిదే. లోపలికి వెళ్లి చూస్తే, ఆ చోట వెనకాల పొగగొట్టమో అడ్డగోడో ఉంటే అది ముఖం సమంగా కనిపించడానికి మొదటి నుంచీ కట్టిన దొంగ కిటికీ.

సున్నం, సిమెంటు: అసలు తగాదా

పాత గోడలో ఖాళీ పొర ఉండదు, నీటిని అడ్డుకునే షీటూ ఉండదు. 18 అంగుళాల ఇటుక గోడ వానకు తడుస్తుంది, గాలికి ఆరుతుంది. ఆరే దారి ముఖ్యంగా సందుల్లోని సున్నపు మాలు. అది ఇటుక కంటే మెత్తగా, ఎక్కువ రంధ్రాలతో ఉంటుంది. తడి దాని గుండా బయటికొస్తుంది, ఉప్పు దాని మీదే పేరుకుంటుంది, మంచు దెబ్బా దానికే తగులుతుంది. వందేళ్లకో నూటయాభై ఏళ్లకో అది రాలిపోతే మళ్లీ నింపుతారు. అరగాల్సింది మాలు, ఇటుక కాదు.

జోసెఫ్ ఆస్ప్డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకున్నాడు. 20వ శతాబ్దంలో పాత ఇళ్ల సందులన్నీ దాంతో నింపడం వాడుకైంది. గట్టిది కదా, మంచిదే అనుకున్నారు. కానీ సందు మూసుకుపోతే తడి ఇటుక ముఖం గుండా బయటికి రావాలి. చలికాలపు రాత్రి ఆ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ముఖం వెనక ఉప్పు స్ఫటికాలూ పేరుకుంటాయి. కొన్నేళ్లకు ఇటుక పెచ్చులూడి వెనక్కి తగ్గుతుంది, సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గూళ్ల అంచుల్లా ముందుకు పొడుచుకొని మిగులుతాయి. కాలిన తొక్క పోయాక లోపలి మెత్తటి ఇటుక ఇంకా వేగంగా కరుగుతుంది.

బాగుచేసేటప్పుడు సందు వెడల్పుకు కనీసం రెట్టింపు లోతు, ఎలాగూ 20–25 మి.మీ.కు తగ్గకుండా, చేతి పనిముట్లతో తవ్వాలి. గ్రైండర్ తిప్పితే 5 మి.మీ. సందు 10 అవుతుంది, ఇటుక అంచులు శాశ్వతంగా పోతాయి. సందు తడిపి, మాలు ఒత్తి, పని తర్వాత తడి గోనెపట్టాలు కప్పాలి. చలి 5 డిగ్రీలకు దిగితే పని ఆపాలి, ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సున్నం గట్టిపడేలోపే మంచు దాన్ని పొడి చేస్తుంది.

ఏ సున్నం అన్న దగ్గర ఇంగ్లండ్ తాపీమేస్త్రీలు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. నానబెట్టిన సున్నపు ముద్ద ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు అన్నది ఒక పద్ధతి. బస్తాలో వచ్చే సహజ హైడ్రాలిక్ సున్నం రెండో దారి. నీటితోనే కొంత గట్టిపడుతుంది కాబట్టి పని తొందరగా తెములుతుంది, వాన భయం తక్కువ. దీని మీద అభ్యంతరం ఉంది. బస్తా మీద 3.5 అని రాస్తారు. అది 28 రోజుల పరీక్షలో చదరపు మి.మీ.కు ఉండాల్సిన కనీస బలం, న్యూటన్లలో. ప్రమాణం ప్రకారం అదే గ్రేడు 10 వరకూ ఉండవచ్చు. మెత్తటి ట్యూడర్ ఇటుకకు అది ఎక్కువ. అందుకే ఈ మధ్య కాలంలో వేడి కలుపు మళ్లీ తలెత్తింది. కాల్చిన సున్నాన్ని నేరుగా తడి ఇసుకలో కలిపి ఉడికిస్తారు. ఒకటికి మూడు పాళ్లు కలిపినా సున్నం ఉబ్బి దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి చివరికి మాలు ఒకటికి ఒకటిన్నరో రెండో అవుతుంది. పాత గోడల మాలులో కనిపించేదీ అంత చిక్కటి సున్నమే. కళ్లకు, చర్మానికి ప్రమాదం, చెయ్యి తిరిగినవాళ్లు తక్కువ అన్నది వేడి కలుపు వద్దనేవాళ్ల మాట. గానుగ సున్నంతో కట్టిన మన పాత మేడలను బాగుచేసేవాళ్లకు ఈ చర్చ కొత్తగా అనిపించదు.

చిమ్నీలు, పైకప్పు, ఎలుక గూళ్లు

ఇటుక ఇంట్లో ముందుగా పాడయ్యేది చిమ్నీయే. నాలుగు వైపులా వాన, లోపల పొగ. బొగ్గు పొగలోని సల్ఫేట్లు తడితో కలిసి సిమెంటు మాలుపై పనిచేస్తే అది ఉబ్బుతుంది. ఎక్కువసేపు తడిగా ఉండే వైపు ఎక్కువ ఉబ్బి, చిమ్నీ రెండోవైపుకు ఒరుగుతుంది.

ఆక్స్‌బరోలో ప్రమాదం కప్పులోంచి బయటపడింది. 2016లో కప్పు వాలులోంచి పైకి లేచే డార్మర్ కిటికీ ఒకటి కూలింది. పరీక్షిస్తే కప్పులో, చిమ్నీల్లో చాలా లోపాలు తేలాయి. ఇంటిని 1952 నుంచి చూసుకుంటున్న నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ సుమారు 60 లక్షల పౌండ్లతో మరమ్మతులు చేపట్టింది.

ఇక్కడ పాత ప్రశ్న మళ్లీ లేచింది: కూలిన విక్టోరియన్ (19వ శతాబ్దపు) అలంకారాన్ని తిరిగి పెట్టాలా, 1482 రూపానికి పోవాలా? 1877లో రచయిత, కళాకారుడు విలియం మోరిస్ మొదలుపెట్టిన ప్రాచీన కట్టడాల సంరక్షణ సంఘం నాటి నుంచి ఒక వర్గం వాదన ఒకటే. ఊహించి వెనక్కి తీసుకెళ్లొద్దు, ఉన్నదాన్ని నిలబెట్టండి, కొత్తగా చేసింది కొత్తదిలా కనిపించనివ్వండి. ఈ లెక్కన బక్లర్ చిమ్నీ కూడా ఇప్పుడు చరిత్రే. మరో వర్గానికి అతుకులు కనిపించే గోడ కంటికి కష్టం. అదే మట్టి, అదే కొలత, అదే మాలుతో చేసి తేదీ ఎక్కడైనా చెక్కితే చాలంటారు. లోపమున్న డిజైన్‌ను ఉన్నదున్నట్టు తిరిగి కడితే అదే లోపం మళ్లీ వస్తుందన్నది ఇంజినీర్ల బెంగ. ఆచరణలో చాలాచోట్ల బయటి రూపం పాతదే ఉంచి, లోపల కనిపించని ఆసరా పెడుతుంటారు.

ఆ పనిలో అటకల నేలపలకలు లేపారు. 2020లో బయటపెట్టిన వాటిలో 15వ శతాబ్దపు కీర్తనల తోలుపత్రం ముక్క ఒకటి, అందులో నీలం, బంగారు వన్నెలు చెక్కుచెదరలేదు. రెండు ఎలుక గూళ్లలో రెండు వందలకు పైగా పాత గుడ్డ పీలికలు దొరికాయి. పలకల సందుల్లోంచి తరాల తరబడి జారిన దుమ్ము కింద అంగుళాల మందాన పేరుకుని ఉంది. అదంతా కుళ్లిపోకుండా నిలిచిందంటే కారణం దాని అడుగున పరిచిన సున్నపు గచ్చు, ఆ చెత్తలోని తడిని అది లాగేస్తూ వచ్చింది.